తోక నుంచి మెడ దాకా

నా చేత్తో కుట్టిన ఎలుగుబంటి వేషం ఒక్కటి కూడా ఇంతవరకూ గుడి మెట్ల దగ్గర విడిపోలేదు. మా ఊరు ఒరూరోలో కుట్టు కొట్ల వీధికి వచ్చి నికనోర్ కొట్టు ఎక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. చూపించి ఈ మాట కూడా చెబుతారు. జిప్పులంటే నాకు గిట్టదు. నాలుగు గెంతులు గెంతేసరికి పళ్ళు ఊడిపోయి వీపు బయటపడుతుంది. అందుకని మనిషి వేషంలోకి దూరాక, వెనకవైపు తోక నుంచి మెడ దాకా మైనం పట్టించిన దారంతో కుట్టేస్తాను. నాట్యం పూర్తయ్యాక నేనే కత్తెరతో కోస్తాను. కార్నివాల్‌కి గుడి దాకా ఆడుతూ వెళ్ళే దెయ్యాల వేషగాళ్ళ దండులో గెంతే పెద్ద ఎలుగుబంట్లకు ఇరవై ఏళ్ళుగా అలాగే కుట్టాను. పిల్లలకూ అలాగే కుట్టాను.

ఆ నవంబరులో మా నైరాకు కొలతలు తీస్తున్నాను. దానికి ఏడేళ్ళు. కిందటేడు వేషం మోకాళ్ళ పైకి వచ్చేసిందని తెల్ల గొర్రెబొచ్చుతో కొత్తది మొదలుపెట్టాను. బల్ల మీద నిలబెట్టి గుండుసూదులు గుచ్చుతుంటే అది కదలకుండా నిలబడలేక, నా జుట్టు పట్టుకుని అటూ ఇటూ ఊగుతోంది.

"నాన్నా, దీన్ని ఎక్కడ విప్పాలి?"

"విప్పడం ఏంటే? గుడికి చేరాక నేనే కోస్తాగా."

"మరి మధ్యలో ఉచ్చ వస్తే?"

నా నోట్లో మూడు గుండుసూదులున్నాయి. వాటి సందులోంచే అన్నాను. "ఎలుగుబంట్లకు ఉచ్చ రాదే. ఎప్పుడైనా ఎలుగుబంటి మరుగుదొడ్డి ముందు వరసలో నిలబడటం చూశావా?"

గుమ్మంలో నిలబడ్డ మా అక్క హిలారియా పకపకా నవ్వింది. దండులో పన్నెండు మంది పిల్ల ఎలుగులకు ఆవిడే పెద్ద. నాట్యం నేర్పేదీ ఆవిడే, వరస తప్పితే చెవి మెలిపెట్టేదీ ఆవిడే.

"భలే అన్నావురా నికా! ఈ మాట నా పిల్లలందరికీ చెప్పాలి."

నా మాటకు ఎవరైనా నవ్వితే నేను ఉబ్బిపోతాను. ఆ రోజూ ఉబ్బిపోయాను.

నైరా నాట్యం చేయడం వెనక ఒక మొక్కు ఉంది. మూడేళ్ళ కిందట నా ఊపిరితిత్తులకు నీరు పట్టి నలభై రోజులు ఆసుపత్రిలో పడి ఉన్నాను. దగ్గితే నెత్తురు. అప్పుడు నా భార్య ఫెలీసా సొరంగం తల్లి గుడికి మోకాళ్ళ మీద వెళ్ళి, నా మొగుణ్ణి లేపితే నా కూతురు మూడు కార్నివాళ్ళు నీ ముందు ఆడుతుందని మొక్కుకుంది. నేను లేచాను. రెండు కార్నివాళ్ళు అయిపోయాయి. ఇది మూడోది, ఆఖరుది. మధ్యలో ఆపితే తల్లి ఇచ్చింది తిరిగి తీసుకుంటుందని మా ఊళ్ళో నమ్మకం. ఫెలీసాకైతే అది నమ్మకం కూడా కాదు, కళ్ళారా చూసినట్టు చెబుతుంది.

నవంబరు నుంచి సాధన మొదలు. రోజూ నాలుగింటి నుంచి ఏడింటి దాకా రైలు పట్టాల పక్క మైదానంలో పిల్లలు గెంతుతారు. అక్కడ మరుగుదొడ్డి లేదు. మధ్యాహ్నం తర్వాత మంచినీళ్ళు బంద్ అని మా అక్క నియమం. సాధన అయ్యాక తలా ఒక కప్పు వేడి వేడి ఆపి జావ పోయిస్తుంది. నల్ల మొక్కజొన్నతో కాచిన ఆ ఆపి కోసం పిల్లలు ఎంత దాహమైనా ఓర్చుకునేవాళ్ళు. ఆ క్రమశిక్షణ చూసి నేను మెచ్చుకున్నాను. అబద్ధం ఎందుకు, చాలామంది ముందు మెచ్చుకున్నాను.

డిసెంబరులో ఒక పొద్దున మేడ మీద నైరా పరుపు ఆరేసి ఉంది.

"ఏంటిది?"

"నీళ్ళ కూజా ఒలికింది" అంది ఫెలీసా.

నాలుగు రోజులకు మళ్ళీ అదే పరుపు, అదే చోట. ఈసారి కూజా ఎవరు ఒలికించారని అడిగితే పిల్లి అంది. మాకు పిల్లి లేదు, పక్కింటివాళ్ళకుంది. సరే, పక్కింటి పిల్లే అయి ఉంటుందనుకున్నాను. కార్నివాల్ ముందు నా కొట్లో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అరవై వేషాలు ఒప్పుకుని ఉన్నాను. పిల్లి గురించి విచారణ జరిపే ఓపిక ఎక్కడిది?

డిసెంబరు ఆఖరు వారం నైరాకు జ్వరం వచ్చింది. జలుబు లేదు, దగ్గు లేదు, ఒళ్ళు మాత్రం కాలిపోతోంది. నేను వెళ్ళేసరికి మా అక్క, ఫెలీసా కలిసి గదిలో పెద్ద బేసిన్‌లో గుర్రంతోక ఆకు మరిగించి, దాని ఆవిరి మీద పిల్లని కూర్చోబెట్టి దుప్పటి కప్పారు.

"ఏమైంది?"

"చల్లటి రాయి మీద కూర్చుంది, చలి లోపలికి పోయింది" అంది అక్క.

"ఆవిరి ముక్కుకి పట్టాలి గానీ అక్కడ పట్టిస్తున్నారేంటి?"

"ఆడవాళ్ళ విషయం, నీకెందుకు? పో, పోయి సూదులు ఎక్కించుకో."

ఏడేళ్ళ పిల్లకు ఆడవాళ్ళ విషయం ఏంటని నవ్వాను. ఆ ఇద్దరూ నవ్వలేదు. దుప్పట్లోంచి నైరా మొహం ఒక్కటే కనిపిస్తోంది, చెమటతో ఎర్రగా.

"ఏమ్మా, ఎక్కడ నొప్పి?"

అది ముందు వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత అత్త వైపు. ఆ తర్వాత నా వైపు.

"ఎక్కడా లేదు నాన్నా."

రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆకు పనిచేసిందని అక్క వీధంతా చెప్పుకుంది. జనవరిలో బొత్తాల డబ్బాలో వెండి బొత్తాల కోసం వెతుకుతుంటే అడుగున ఒక మాత్రల అట్ట దొరికింది. నాలుగు గూళ్ళు ఖాళీ, పది నిండుగా ఉన్నాయి. ఎవరివని ఫెలీసాని అడిగాను. "నా పంటికి" అంది. పంటి నొప్పి తగ్గిందా అన్నాను. తగ్గింది అంది. అంతే. పెళ్ళయి పదకొండేళ్ళు. ఆవిడ ఉప్పు అని ఇస్తే పంచదారేమోనని నేను ఎప్పుడూ నాలిక మీద వేసుకుని చూడలేదు.

కొట్లో ఉన్నంతసేపూ నైరా అరగంటకోసారి మరుగుదొడ్డికి పరిగెత్తేది. వెంటనే తిరిగి వచ్చేసేది. "అప్పుడే అయిపోయిందా?" అంటే తలాడించేది. మొదటిసారి వీధిలో ఆడబోయే పిల్ల కంగారు అనుకున్నాను. అది మూడో ఏడు ఆడుతోందన్న సంగతి నాకు గుర్తే రాలేదు.

కార్నివాల్ శనివారం తెల్లారగానే పిల్లలందరినీ మా కొట్లో వరసగా నిలబెట్టి కుట్టేశాను. పన్నెండు తోకలు, పన్నెండు మెడలు. నైరాది ఆఖరున. మెడ దగ్గర ముడి వేస్తుంటే నా వేళ్ళకు వేడి తగిలింది.

"దీని ఒళ్ళు కాలుతోంది."

"గొర్రెబొచ్చులో పడేస్తే కాలక చల్లగా ఉంటుందా?" అంది అక్క. "ముడి వెయ్యి, వాద్యాలు కదిలాయి."

వేశాను. మైనం దారం, రెండు పేటలు.

దండు నడుస్తుంటే దర్జీ పక్కనే నడవాలి. మా పని పద్ధతి అది. చొక్కా కాలరుకి మూడు సూదులు, మెడలో కత్తెర, జేబులో దారం. కొమ్ము ఊడినా, రెక్క తెగినా నడుస్తూనే కుట్టాలి. ఇత్తడి బూరలు మోగుతుంటే రెండు పక్కలా జనం. ఎలుగుబంట్లు వరసలోంచి పక్కకు దూకి జనం ఒళ్ళో కూర్చుని అల్లరి చేయాలి. అందులో మా నైరా దిట్ట. ఒక లావుపాటి ఆసామి ఒళ్ళో కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన దాని ఎలుగు మాస్కు మీద ముద్దు పెట్టి ఫోటో తీయించుకున్నాడు. లేవాల్సిన సమయం అయింది. అది లేవలేదు.

"అయ్యా, మీ ఎలుగుబంటి వణుకుతోంది" అన్నాడాయన.

వెళ్ళి మాస్కు ఎత్తాను. లోపల వాంతి. పెదాలు తెల్లబడ్డాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "నడుం నాన్నా" అంది. కత్తెర చేతిలోకి తీసుకున్నాను.

మా అక్క పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దురా! ఇంకా నాలుగు వీధులే. గుడి కనిపిస్తోంది చూడు. మూడో ఏడురా ఇది!"

"దీని మొహం చూడు."

"ఎత్తుకుని నడువు. వేషంతోనే లోపలికి తీసుకెళ్దాం. డిసెంబరు నుంచి ఓర్చుకుంది, నాలుగు వీధులు ఓర్చుకోలేదా?"

వాద్యాలు మా పక్కనుంచి దాటిపోతున్నాయి. బూరల మోతలో కూడా ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది.

"డిసెంబరు నుంచా?"

అక్క నా చెయ్యి వదిలేసింది. ఫెలీసా అప్పటికే జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె పిల్ల వైపు చూసింది, నా వైపు మాత్రం చూడలేదు.

మెడ నుంచి తోక దాకా కోశాను. లోపలి నుంచి కంపు గుప్పుమని వచ్చింది. నేను వేసిన నైలాన్ లైనింగు మొత్తం తడిసి పిల్ల తొడలకు అంటుకుపోయి ఉంది. వేషాన్ని రోడ్డు మీదే వదిలేసి, నా చొక్కాలో చుట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ, కిరోగా అని, నన్నూ, వెనకే వచ్చిన ఫెలీసానూ ఎదురుగా కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది.

"పక్క తడుపుతోందా?"

"లేదండీ, మూడేళ్ళ వయసుకే మానేసింది" అన్నాను గర్వంగా.

"డిసెంబరు నుంచి తడుపుతోంది" అంది ఫెలీసా.

"జ్వరం ఎన్నిసార్లు వచ్చింది?"

"ఒక్కసారి" అన్నాను.

"మూడు" అంది ఫెలీసా.

"మూత్రం పోసేటప్పుడు మంటని ఎప్పుడైనా చెప్పిందా?"

ఈసారి నేను కూడా ఫెలీసా వైపే చూశాను.

"చెప్పింది" అంది ఫెలీసా. "ఏడ్చేది. వాసన కూడా వచ్చేది."

"మందులు?"

"మందుల కొట్లో అడిగి తెచ్చాం. వారం రోజులు వాడమన్నాడు. రెండు రోజులకే జ్వరం దిగిందని ఆపేశాం."

పన్ను బాగుచేసిన మాత్రలు అవే. నా ఇంట్లో మూడు నెలలుగా జరుగుతున్నదంతా ఒక పరాయి మనిషి ప్రశ్నల వల్ల నాకు తెలుస్తోంది. నా పెళ్ళాం జవాబులు చెబుతోంది, నేను పక్కన కూర్చుని వింటున్నాను. ఆ కుర్చీలోంచి లేచి బయటికి పోదామనిపించింది.

డాక్టరమ్మ కోపాన్ని దాచుకోలేదు. "చలికి రాలేదమ్మా ఇది. రాయి మీద కూర్చుంటే రాదు. క్రిములు కిందినుంచి లోపలికి ఎక్కుతాయి. నిల్వ ఉన్న మూత్రంలో పెరుగుతాయి. పిల్ల నీళ్ళు తాగి, వచ్చినప్పుడల్లా పోసుకుంటే అవి కొట్టుకుపోతాయి. మీరు నీళ్ళూ ఆపారు, పోసుకోవడమూ ఆపారు. జలుబూ దగ్గూ ఏమీ లేకుండా పిల్లకు జ్వరం వచ్చిందంటే ముందు మూత్రం పరీక్ష చేయించాలి. మానేసిన పిల్ల మళ్ళీ పక్క తడిపితే తిట్టకూడదు, దాచకూడదు, తీసుకురావాలి. మాత్రలు మధ్యలో ఆపితే క్రిములన్నీ చావవు, మళ్ళీ పెరుగుతాయి."

"ఇప్పుడు?" అన్నాను.

"ఎడమ మూత్రపిండం దాకా పాకింది. సూదిమందు మొదలుపెట్టాం, పిల్ల కోలుకుంటుంది. మూత్రపిండం మీద మచ్చ పడిందో లేదో ఆరు నెలలాగి తీసే స్కాన్‌లో గానీ తెలీదు." ఆవిడ కాగితం మీద ఏదో రాస్తూ అడిగింది. "ఆ నైలాన్ గుడ్డ లోపల ఎవరు వేశారు?"

"నేనే. దర్జీని."

"నూలుగుడ్డ వెయ్యండి. గాలి ఆడాలి. వదులుగా ఉండాలి. ఇంకోటి, తుడుచుకునేటప్పుడు ముందునుంచి వెనక్కి తుడుచుకోవాలని పిల్లకు ఎవరైనా నేర్పారా?"

ఫెలీసా లేదని తలాడించింది. ఆడవాళ్ళ విషయం అని నన్ను గదిలోంచి పంపేసినవాళ్ళకే ఆడవాళ్ళ విషయం తెలియదని అప్పుడు అర్థమైంది.

మంగళవారం, కార్నివాల్ ఆనవాయితీ ప్రకారం, ఊరంతా ఇళ్ళకు రంగు కాగితాల తోరణాలు కట్టి, గడపల మీద సారా చల్లి, టపాకాయలు పేల్చింది. మా ఇంటి గడప బోసిగా ఉంది. నేను బట్టల కోసం ఇంటికి వెళ్తే ఫెలీసా వెనకే వచ్చింది.

"నీ కోసమే చేశాను" అంది.

"నాకు ఊపిరి ఉండాలని దాని మూత్రపిండం ఇచ్చావా?"

"అలా మాట్లాడకు."

"నన్ను అడిగావా? ఒక్కసారి?"

"అడిగితే ఏమనేవాడివి?"

"మొక్కు లేదు, గిక్కు లేదు, పిల్లని వరసలోంచి తీసెయ్ అనేవాణ్ణి."

"అందుకే అడగలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, అలాగే నా వైపు చూస్తూ నిలబడింది. "నువ్వు నెత్తురు కక్కుతుంటే ఆ పళ్ళెం పట్టుకున్నది నేను. నువ్వు కాదు. ఇంకోసారి పట్టుకోలేనయ్యా నేను."

నా దుప్పటి తీసుకుని కొట్లోకి మకాం మార్చాను. అక్కడే కత్తిరింపుల బల్ల మీద పడుకునేవాణ్ణి. వంట పంపిస్తే తిన్నాను, ఎవరు వండారో తెలియనట్టు.

అసలు దెబ్బ గురువారం తగిలింది. ఆసుపత్రిలో నైరా మంచం పక్కన కూర్చుని ఉన్నాను. జ్వరం దిగింది. పిల్ల మొహంలో కాస్త రంగు వచ్చింది. కిటికీలోంచి దుమ్ము వచ్చి నాకు దగ్గు వచ్చింది, రెండంటే రెండు దగ్గులు. అది గబుక్కున లేచి కూర్చుంది. చేతికున్న గొట్టం లాక్కుపోయి సీసా ఊగింది.

"నాన్నా, నెత్తురు వచ్చిందా?"

"లేదే, దుమ్మమ్మా."

"చూపించు. చెయ్యి చూపించు."

అరచేయి చూపించాను. అది తన వేలితో రాసి చూసుకుని మరీ ఏడ్చింది. మెల్లగా అడిగితే అప్పుడు చెప్పింది. మంట సంగతి నాన్నకు చెబితే నిన్ను వరసలోంచి తీసేస్తాడు, మొక్కు తప్పుతుంది, నాన్నకు మళ్ళీ దగ్గు వస్తుంది, పోతాడు, అని అత్త చెప్పిందట. మూడు నెలలు ఆ పిల్ల నన్ను బతికించుకుంటూ మంట ఓర్చుకుంది. నేను ఎక్కడ నొప్పి అని అడిగిన ప్రతిసారీ నా ప్రాణం కాపాడ్డానికి నాతో అబద్ధం చెప్పింది.

ఆ సాయంత్రమే మా అక్క ఆపి తీసుకుని వచ్చింది. ఆసుపత్రి వరండాలో ఆపేశాను.

"దానికి ఏం చెప్పావు నువ్వు?"

"పన్నెండు మంది పిల్లలున్నార్రా నా గుంపులో. అందరూ ఆపుకున్నారు. నీ కూతురొక్కత్తే..."

"ఏం చెప్పావని అడుగుతున్నా."

అక్క చేతిలోని ఆపి కప్పు వైపు చూసింది. నన్ను పెంచిన మనిషి. మా అమ్మ పోయాక నా ముక్కు తుడిచి బడికి పంపిన మనిషి. "నువ్వు పోతే నాకెవరున్నార్రా?" అంది. కప్పు బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆపి చల్లారి మీగడ కట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

పది రోజులకు పిల్లని ఇంటికి తెచ్చాను. మాత్రలు ఇంకా నాలుగు రోజులు వాడాలి. అట్ట నా జేబులోనే పెట్టుకున్నాను, ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇద్దరాడవాళ్ళ మీద కోపంతో నేను బాగానే బతుకుతున్నాను. పొద్దున లేస్తే అదే, పడుకుంటే అదే. వీధిలో ఎవరైనా పలకరిస్తే, సొంత ఇంట్లో నన్ను ఎలా మోసం చేశారో చెప్పడానికి నాకు సిగ్గు కూడా వేయడం మానేసింది.

రోడ్డు మీద వదిలేసిన వేషాన్ని ఎవరో ఉతికి తెచ్చి కొట్టు ముందు పెట్టారు. నైరా బల్ల మీద కూర్చుని నీళ్ళ గ్లాసు పట్టుకుని ఉంది. గంటకో గ్లాసు, అది మా కొత్త నియమం. నేను వేషాన్ని ఒళ్ళో వేసుకుని నైలాన్ లైనింగు కుట్లు ఊడదీస్తున్నాను.

"మళ్ళీ కుడతావా నాన్నా?"

"నీకు కాదు. ఎవరికైనా కుడితే వెనకాల తలుపులాగా పెడతాను. నాలుగు నాడాలు. లాగితే వచ్చేస్తుంది. లోపల నూలుగుడ్డ."

"అప్పుడు ఎలుగుబంటికి ఉచ్చ రావచ్చా?"

దారం లాగుతున్న చెయ్యి ఆగిపోయింది.

"అదేంటమ్మా?"

"రాదన్నావుగా. నీకే కదా మొదట చెప్పాను." అది నన్ను తప్పు పట్టడం లేదు. గుర్తు చేస్తోంది, అంతే. "అత్త కూడా మా అందరికీ చెప్పింది. ఎవరికైనా వస్తే చెయ్యెత్తేవాళ్ళం. అప్పుడు అత్త, ఎలుగుబంట్లకు ఉచ్చ రాదు, నికనోర్ బాబాయి చెప్పాడు అనేది. అందరం నవ్వేవాళ్ళం. నవ్వితే కాసేపు ఆగేది."

మూడు గుండుసూదులు గుర్తొచ్చాయి. అక్క నవ్వు గుర్తొచ్చింది. నేను ఉబ్బిపోవడం గుర్తొచ్చింది. మైదానంలో పన్నెండు మంది పిల్లలు మోకాళ్ళు దగ్గర పెట్టుకుని నా మాటకు నవ్వుతున్నారు. వాళ్ళిద్దరూ నాకు డిసెంబరులో అబద్ధం చెప్పారు. నేను నా కూతురికి నవంబరులోనే చెప్పాను.

"నాన్నా" అంది నైరా. గ్లాసు ఖాళీ అయింది. కాళ్ళు ఊపుతూ నా మొహంలోకి చూస్తోంది. "వెళ్ళొచ్చా?"

"ఎక్కడికి?"

"ఉచ్చకి."

సొంత ఇంట్లో, సొంత నాన్న దగ్గర, అనుమతి అడుగుతోంది.

"వెళ్ళు తల్లీ. ఇంకెప్పుడూ ఎవర్నీ అడక్కు."

బల్ల మీంచి దూకి పరిగెత్తింది. "తొందర లేదమ్మా, మొత్తం అయ్యేదాకా కూర్చో" అని వెనకనుంచి అరిచాను. గుమ్మంలో ఫెలీసా నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు. పిల్ల చెప్పిందంతా వినే ఉంటుంది. ఒక్క మాట అనొచ్చు, అనే హక్కు ఉంది. అనలేదు.

వచ్చి నా ఎదురుగా కూర్చుని, వేషం రెండో కొసను తన ఒళ్ళోకి లాక్కుంది. తోక వైపు నుంచి తను, మెడ వైపు నుంచి నేను, ఇద్దరం కుట్లు ఊడదీశాం.